ఆరు వేలు ఆరు వీధులకి పంచకండి

పర్లాకిమిడి పిల్లలకి,

"ఊరి పనులకి ఇవ్వాలని మా పిల్లల కమిటీ పోగుచేసిన ఆరు వేలూ ఆరు వీధులకి తలా వెయ్యి ఇచ్చేస్తే గొడవే ఉండదు కదా తాతయ్యా?" అని మీలో చిన్నది అడిగింది. గొడవ ఉండదమ్మా, కానీ వెయ్యి రూపాయలతో ఏ వీధిలోనూ ఏ పనీ పూర్తికాదు. దరఖాస్తులు పిలిచి, రెండో మూడో పనులు ఎంచుకుని వాటికే ఇవ్వండి.

చెరువు మదుము, అంటే తూము, తీస్తే ముందు ఏ మడి తడుస్తుంది? కాలవ మొదట ఉన్నది. శివారు మడికి నీరు చేరాలంటే ఎవరో ఒకరు పార పట్టుకుని గట్టు వెంట నడవాలి. డబ్బుదీ ఇదే దారి. గోడమీద కాగితం చదవగలిగినవాళ్ళు, మీ ఇళ్ళల్లో తెలిసినవాళ్ళు మొదటి మళ్ళు. సంతకం రాని ముసలమ్మ శివారు మడి. అందుకే దరఖాస్తులు పిలిచే ప్రకటన తెలుగులోనూ ఒడియాలోనూ రాయండి. సవర గిరిజన కుటుంబాలున్న చోటికి ఆ భాష వచ్చినవాళ్ళని వెంట తీసుకెళ్ళండి. నోటితో చెప్పిన దరఖాస్తుని మీరే రాసుకుని, చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకోండి. పదిహేను రోజులు గడువు పెట్టండి. వారం చాలదు, కూలికెళ్ళేవాళ్ళకి ఒక్క ఆదివారమే చిక్కుతుంది.

భాష మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మన ఊళ్ళో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తిగారు సవరల భాష ముందు తాను నేర్చుకుని, ఆ తర్వాతే సొంత ఖర్చుతో వాళ్ళకి బడులు పెట్టారు. ఆ వరస మీరు తప్పకండి.

మీరు చేస్తున్నది కొత్తదేం కాదు. 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు ఊరి నిధి స్థాపించాడు. ధనవంతులు వీలునామాల్లో రాసిపోయిన దానాలు, కాలం మారి అక్కరకు రాకుండా మిగిలిపోవడం ఆయన చూశాడు. ఏ ఏటి అవసరం ఆ ఏడు చూసి ఖర్చుపెట్టే కమిటీ ఉండాలన్నాడు. 1980ల చివర మిషిగన్ రాష్ట్రంలో కెల్లాగ్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ సాయంతో, అలాంటి నిధుల్లో కొంత భాగం ఎవరికివ్వాలో తేల్చే పని పిల్లల కమిటీలకి అప్పగించడం మొదలైంది.

ఇక దరఖాస్తు. ఒక్క పేజీ చాలు: ఏం చేస్తారు, ఎవరికి ఉపయోగం, కొట్లో అడిగిన ధర ఎంత, తర్వాత ఎవరు చూసుకుంటారు. ఆఖరి ప్రశ్నకే ఎక్కువ మార్కులు పెట్టండి. అవసరానికి 5, పని తీరుకి 5, ధరకి 3, తర్వాత చూసుకునేవాళ్ళకి 7. వీధి లైటు కొనేస్తారు, బల్బు మాడితే మార్చేవాడుండడు. మార్కులు ఎవరికి వాళ్ళు చీటీమీద వేశాకే మాట్లాడుకోండి. ముందే మాట్లాడితే గొంతు పెద్దదున్నవాడి మాటే అందరి మాటవుతుంది. మీ పిన్ని దరఖాస్తు వచ్చిందా, ఆ కాసేపు గదిలోంచి లేచి బయటికెళ్ళాలి. ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు.

దరఖాస్తు చదివి ఊరుకోకుండా ఇద్దరు పిల్లలు, ఒక పెద్దమనిషి చోటుకి వెళ్ళి చూడండి. "కొత్త బోరింగు కావాలి" అని రాస్తారు. వెళ్తే బోరింగు బాగానే ఉంటుంది, చుట్టూ బురదే బాధ. బోరింగు పాడైతే అది ప్రభుత్వం పని. పట్నంలో మున్సిపాలిటీకి, పల్లెలో పంచాయతీకి అర్జీ రాయించండి, ఊరివాళ్ళంతా కూర్చునే పల్లి సభలో అడిగించండి. మీ డబ్బు అక్కడ పోయకండి. బురదకైతే ఇంకుడుగుంత ఉంది. మీటరు లోతు, మీటరు వెడల్పు, అడుగున పెద్ద రాళ్ళు, పైన చిన్న రాళ్ళు, ఆపైన ఇసుక. బోరింగుకి ఆనుకుని తవ్వితే మురికి బోరులోకే దిగుతుంది, కాలవ తీసి దూరంగా పెట్టాలి. తవ్వేముందు చిన్న గొయ్యి తీసి సాయంత్రం బిందెడు నీళ్ళు పోయండి. తెల్లారినా నిలిచి ఉంటే అది బంకనేల, అక్కడ గుంత పనికిరాదు. రాళ్ళు మోయడానికి రెండు ఆదివారాలు మీరూ వెళ్ళాలి. డబ్బిచ్చి దూరంగా నిలబడ్డ కమిటీకి ఆ పనిలో ఏది కష్టమో ఎప్పటికీ తెలియదు.

ఆరు వేలల్లో ఆరు వందలు పక్కన పెట్టండి, మరమ్మతులకి. మిగిలింది రెండో మూడో పనులకే. సగం ముందు, సగం బిల్లులు చూశాక. ఖాతా ఇద్దరు పెద్దల సంతకాలతో ఉండాలి, లెక్క మాత్రం మీ చేతిరాతలో నెలనెలా గోడకి అంటించాలి. డబ్బు రానివాళ్ళకి వారంలోగా ఇంటికెళ్ళి కారణం చెప్పండి. ఇది అన్నిటికన్నా కష్టం, చాలామంది ఎగ్గొట్టేది కూడా ఇదే. తీసుకున్నవాళ్ళని నిలబెట్టి ఫోటోలు తీయకండి. ఆరునెలలయ్యాక మళ్ళీ వెళ్ళండి.

ఏ అవసరం పెద్దదో ఎలా తెలుస్తుందని అడుగుతారు. దానికి నా దగ్గర సూత్రం లేదు. ఈ ఆదివారం పొద్దున్నే ఆరింటికి శివారు వీధికి వెళ్ళి బోరింగు దగ్గర గంటసేపు నిలబడండి. ఎవరొచ్చారు, ఎన్ని బిందెలు మోశారు, ఎక్కడ జారారు, నోటుపుస్తకంలో రాసుకోండి. డబ్బు సంగతి మాత్రం ఎవరితోనూ ఎత్తకండి. ఎత్తితే మీకు ఏది వినాలనుందో అదే చెబుతారు.

మీ తాతయ్య