సైకియాట్రిస్ట్ చూసేదాకా మందు మొదలుపెట్టకూడదా? ఓ ఫ్యామిలీ డాక్టరు చెప్పే అపోహలు - వాస్తవాలు

ఈ వారంలో ముగ్గురి నోట ఇదే మాట. "మైండ్ డాక్టరుగారు చూసేదాకా ఏ మందూ వాడకూడదంట కదండీ?" ఎవరు చెప్పారంటే ఒకరికి పక్కింటాయన, ఇంకొకరికి మేనత్త, మూడో ఆవిడకి వాట్సాప్. కోనసీమలో చాలా ఏళ్లుగా ఫ్యామిలీ డాక్టరుగా ఉన్నాను, జనాన్ని అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతీస్తున్న అపోహ ఇదే.

అపోహ: డిప్రెషన్, ఆందోళన లాంటివి మామూలు డాక్టరు ముట్టుకోకూడదు, చీటీ రాసి పంపేయాలి.

వాస్తవం: తీవ్రంగా లేని డిప్రెషన్‌కి, టెన్షన్‌కి, పానిక్ ఎటాక్‌లకి వైద్యం మీ ఎంబీబీఎస్ డాక్టరే మొదలుపెట్టొచ్చు. థైరాయిడ్, రక్తం, షుగర్ చూసుకోవాలి. ఇదివరకెప్పుడైనా రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలసట లేకుండా, మితిమీరిన హుషారుతో, చేతిలో డబ్బంతా ఖర్చు పెట్టేసిన రోజులున్నాయా అని తప్పకుండా అడగాలి. ఉంటే అది బైపోలార్ (కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు మితిమీరిన హుషారు వచ్చే జబ్బు) కావొచ్చు, అప్పుడు సైకియాట్రిస్ట్‌ని అడగకుండా డిప్రెషన్ మందు రాయకూడదు. అలాంటిదేమీ లేకపోతే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు తక్కువ డోసుతో మొదలవుతాయి. ఇవి పనిచేయడం మొదలవ్వడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అపాయింట్‌మెంట్ కోసం మూడు వారాలు ఆగి, ఆ తర్వాత మొదలుపెడితే మనిషి తేరుకునేసరికి నెలన్నర పోతుంది. ఆ నెలన్నర రాత్రులు ఎలా గడుస్తాయో పడినవాళ్లకే తెలుసు.

కొన్నేళ్ల కిందట సఖినేటిపల్లి వైపు నుంచి ఒక రొయ్యల రైతు వచ్చాడు. చెరువుకి వైరస్ తగిలి పంట మొత్తం పోయింది, తెల్లవారుజామున మూడింటికల్లా మెలకువ వచ్చేస్తోందన్నాడు. నేను "సైకియాట్రీ ఒపీనియన్" అని రెండు ముక్కలు రాసి పంపేశాను. నెల తర్వాత బీపీకని వచ్చినప్పుడు జేబులోంచి ఆ చీటీ తీశాడు, నాలుగు మడతలు, చెమటకి ఇంకు అలుక్కుపోయింది. పంటు మీద గోదావరి దాటి, నరసాపురంలో బస్సెక్కి భీమవరం వెళ్తే ఆ రోజు డాక్టరు లేరట. మళ్లీ వెళ్లలేదు. షాపులో చీటీ లేకుండా అల్ప్రాజోలం అనే నిద్ర బిళ్లలు కొనుక్కుని, సగం బిళ్ల దగ్గర మొదలై రాత్రికి రెండుకి వచ్చాడు. తర్వాత దాన్ని కొంచెం కొంచెంగా మాన్పించడానికే నెలలు పట్టింది. తప్పు అతనిది కాదు. నా రెండు ముక్కల చీటీది.

అప్పటినుంచి పేషెంటు గదిలో ఉండగానే సైకియాట్రిస్ట్‌కి ఫోన్ చేస్తున్నాను. ఎన్నాళ్ల నుంచి, నిద్ర, తిండి, తాగుడు అలవాటు, చావు ఆలోచనలు, ఇప్పుడు వాడుతున్న బిళ్లలు, టెస్టుల రిపోర్టులు, ఇవన్నీ చెప్పి మూడే అడుగుతాను: ఏం మొదలుపెట్టమంటారు, నేనేం గమనించాలి, మీరు ఎప్పటిలోగా చూడాలి? నాలుగైదు నిమిషాల పని. డాక్టరు ఇంకో డాక్టరుని ఫోన్‌లోనో వీడియోలోనో సంప్రదించవచ్చని 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లోనే ఉంది. మీరు కూడా మొహమాటపడకుండా మీ డాక్టరుని అడగండి, "ఒకసారి ఫోన్ చేసి కనుక్కుంటారా అండి?" అని. సైకియాట్రిస్ట్ మిత్రులకి నాదొక విన్నపం: రోజుకో అరగంట మా ఫోన్లకి కేటాయించండి, కుదుటపడ్డ పేషెంట్లని మాకు తిరిగి పంపండి. వాళ్ల బిళ్లలు మేం చూసుకుంటాం, మీ ఓపీలో కొత్తవాళ్లకి చోటు దొరుకుతుంది.

ఓపీ కోసం ఆగకూడనివి ఉన్నాయి. చచ్చిపోవాలని మార్గం వెతుక్కుంటున్నవాళ్లు, చెవిలో గొంతులు వినిపిస్తున్నాయనేవాళ్లు, కాన్పయిన కొద్దిరోజులకే వింతగా ప్రవర్తించే బాలింత, తాగుడు ఒక్కసారిగా మానేసి వణుకుతూ పొంతన లేకుండా మాట్లాడేవాళ్లు. వీళ్లని వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఇంట్లో ఇలాంటి దిగులు మనిషి ఉంటే దాళ్వాకి కొన్న పురుగుమందు డబ్బా వసారాలోంచి ఇవాళే తీసేయండి, రేపటిదాకా ఉంచొద్దు.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను. డిప్రెషన్ బిళ్లలు అలవాటైపోతాయంటారు. వ్యసనంలా పట్టుకునేవి ఇవి కాదు, షాపులో అడిగి కొనుక్కునే ఆ నిద్ర బిళ్లలు. డిప్రెషన్ బిళ్లలు కూడా సొంతంగా ఒక్కసారే ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకోవాలి. చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామనేది కూడా అబద్ధం, అడిగితే చాలామంది హమ్మయ్య అనుకుంటారు. అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి. 2022 అక్టోబరు నుంచి ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

వాట్సాప్ చూసి వచ్చిన ఆ మూడో ఆవిడ భర్త కువైట్‌లో ఉంటాడు, ఆవిడ నెలన్నరగా సరిగా అన్నం తినడం లేదు. ఆవిడ ముందే ఫోన్ చేశాను. పెట్టేశాక, "నా గురించి అంతసేపు మాట్లాడారా అండి" అంది. ఆ రాత్రి నుంచే బిళ్ల మొదలైంది, వచ్చే గురువారం అపాయింట్‌మెంట్, తోడుగా తమ్ముడు వెళ్తున్నాడు.