కవలల్లో ఒకరు ముందు, ఒకరు తర్వాత: ఓ పాత అనుమానం

స్కాన్ రిపోర్టులో ఒక బిడ్డ ఎదురుగా 12 వారాల 3 రోజులు, రెండో బిడ్డ ఎదురుగా 11 వారాల 5 రోజులు అని ఉంటుంది. విశాఖలో కేజీహెచ్‌లో చూపించుకున్నా, పాతనగరం ఘోషాసుపత్రిలో చూపించుకున్నా, కవలల తల్లికి ఇలాంటి కాగితం చేతికి రావచ్చు. ఇంట్లో ఎవరో ఒకరు ‘ఒకటి ముందు, ఒకటి తర్వాత నిలిచుంటాయి’ అనేస్తారు. ఆ మాట కోడలి మీద అనుమానం దాకా పోతే ఆ ఇల్లు నరకమే.

ఇది చాలా పాత ఊహ. హిపోక్రటీస్ పేరిట ఉన్న గ్రీకు వైద్య గ్రంథాల్లో ఒకదానికి పేరే ‘గర్భం మీద గర్భం’. కుందేళ్లలోనూ, స్త్రీలలోనూ ఇలా జరుగుతుందని అరిస్టాటిల్ రాశాడు. కుందేళ్ల సంగతి నిజమే. యూరప్ అడవి కుందేలు ఈనకముందే మళ్లీ చూలు కడుతుందని 2010లో పరిశోధకులు నిరూపించారు. మన చరకసంహిత మాత్రం కవలల్లో ఒకరు పెద్దగా, ఒకరు చిన్నగా ఉండటానికి కర్మను, బీజం సమంగా విడిపోకపోవడాన్ని కారణాలుగా చెప్పింది.

మనిషి విషయంలో ఇది దాదాపు అసాధ్యం. కడుపు నిలిచాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ కొత్త అండం విడుదల కాకుండా ఆపేస్తుంది. గర్భాశయ ముఖద్వారాన్ని చిక్కటి జిగురు మూసేస్తుంది. సూపర్‌ఫీటేషన్ (గర్భం మీద గర్భం) అని వైద్య పత్రికలకెక్కిన కేసులు అతి కొద్ది, వాటిలోనూ కొన్ని సంతాన చికిత్సలో మందులు వాడినవాళ్లవి. పాతకాలపు కేసుల్లో అయితే పుట్టినప్పటి సైజు తేడానే సాక్ష్యం. 1958లో ఇయాన్ డొనాల్డ్ బృందం గ్లాస్గో నుంచి అల్ట్రాసౌండ్ చిత్రాలు ప్రచురించాకే కడుపులోని బిడ్డను కొలిచే దారి దొరికింది.

ఇప్పుడు ఆ కొలతే కొత్త అపోహ తెచ్చిపెడుతోంది. కడుపు ఎప్పుడు నిలిచిందో మెషిన్‌కి తెలియదు. తల నుంచి పిరుదుల దాకా బిడ్డ పొడవు కొలిచి, ఆ పొడవు సగటున ఎన్ని వారాలకు వస్తుందో చూపిస్తుంది, అంతే. అన్నదమ్ముల ఎత్తులో తేడా ఉన్నట్టే కవలల పొడవులోనూ ఉంటుంది. అందుకే డాక్టర్లు పెద్ద బిడ్డ కొలతను బట్టి నెలలు లెక్కిస్తారు. ఇద్దరూ ఒకే మాయను (ప్లాసెంటాను) పంచుకుంటుంటే ఇక అనుమానానికి చోటే లేదు, వాళ్లు దాదాపు ఎప్పుడూ ఒకే అండం నుంచి వచ్చినవాళ్లే.

తేడా బాగా పెరుగుతుంటే మాత్రం చిన్న బిడ్డకు రక్తం సరిగా అందుతోందా అని చూడాలి. ఒకే మాయ ఉన్న కవలలకు 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ చేయాలంటారు. పాడేరు నుంచి ఘాట్ దిగి రావాల్సిన తల్లికి అది చిన్న ప్రయాణం కాదు. ఇంట్లోవాళ్లు నిలదీయడం మానేసి తోడు రావాల్సింది అక్కడే.