కిడ్నీలను కాపాడే కొవ్వు బుడగ

2021 వేసవిలో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి బ్లాక్ ఫంగస్ రోగులతో నిండిపోయిన రోజుల్లో, బంధువులంతా లైపోజోమల్ ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు కోసం టెన్షన్‌తో తిరిగారు. మామూలు ఆంఫోటెరిసిన్ దశాబ్దాలుగా ఉంది కదా, దీనికోసమే అంత పరుగులెందుకని ఒక పాఠకురాలు అడిగారు.

ఫంగస్ కణం పొరలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది, మన కణాల పొరలో కొలెస్టెరాల్. ఆంఫోటెరిసిన్ ఎర్గోస్టెరాల్‌ను గట్టిగా పట్టుకుని ఫంగస్‌ను చంపుతుంది. కానీ ఈ రెండు అణువులకూ దగ్గరి పోలికలున్నాయి. అందుకే కొలెస్టెరాల్‌నూ కొంత పట్టుకుంటుంది, ఆ దెబ్బ ఎక్కువగా కిడ్నీల మీద పడుతుంది.

ఇక నాకు ఎంతో ఇష్టమైన భాగం. సుమారు 80 నానోమీటర్ల కొవ్వు బుడగ తయారుచేస్తారు, లైపోజోమ్ అంటే ఇదే. మందు దాని లోపలి నీళ్లలో ఉండదు, గోడలోనే ఇమిడి ఉంటుంది! ఆ గోడకు ముఖ్య సరుకు సోయా లెసిథిన్ అనే కొవ్వు పదార్థం. దానికి హైడ్రోజన్ ఎక్కిస్తారు, నూనెను వనస్పతి చేసే రసాయన చర్యే ఇది. అందుకే 37 డిగ్రీల ఒంటి వేడికి కూడా గోడ మెత్తబడదు. గోడలోనే రుణావేశమున్న మరో ఫాస్ఫోలిపిడ్ (లెసిథిన్ జాతి కొవ్వు) ఉంటుంది. అది ఆంఫోటెరిసిన్‌లోని ధనావేశమున్న అమైన్ అనే భాగంతో జతకడుతుంది. పక్కనే ఉన్న కొలెస్టెరాల్ కూడా మందును పట్టి ఉంచుతుంది. బుడగ ఫంగస్‌కు అతుక్కున్నప్పుడు మాత్రం మందు అటువైపు మారిపోతుంది, ఎర్గోస్టెరాల్ పట్టు అంతకంటే గట్టిది కాబట్టి.

ఫలితం మోతాదులో కనిపిస్తుంది. మామూలు మందు రోజుకు కిలో బరువుకు సుమారు 1 మిల్లీగ్రాము దగ్గరే కిడ్నీలను ఇబ్బంది పెడుతుంది. బ్లాక్ ఫంగస్‌కు లైపోజోమల్ రకాన్ని 5 మిల్లీగ్రాములు, అవసరమైతే ఇంకా ఎక్కువ ఇస్తారు. కిడ్నీ పరీక్షలు దీనికీ తప్పవు. ఉప్పు సెలైన్‌లో కలిపితే చెడిపోతుంది, 5 శాతం డెక్స్ట్రోజ్‌లోనే ఎక్కించాలి.

నానో మందు రోగాన్ని వెతుక్కుంటూ వెళ్తుందని పిల్లలకు చెప్పేవాళ్లున్నారు. దయచేసి అలా చెప్పకండి. బుడగ రక్తం తీసుకెళ్లిన చోటికే వెళ్తుంది. దారిలో చాలావాటిని కాలేయం, ప్లీహాల్లోని మాక్రోఫేజ్ అనే రక్షణ కణాలు మింగేస్తాయి. ఇలా బుడగల్లో పంపే క్యాన్సర్ మందులకు ఇదే పెద్ద అడ్డంకి. కానీ బిహార్‌ను పీడించిన కాలా అజార్ అనే జబ్బు తెచ్చే పరాన్నజీవి నివాసం సరిగ్గా ఆ మాక్రోఫేజ్‌లలోనే! మందును అవే మింగి లోపలికి తెచ్చుకుంటాయి. అందుకే అక్కడ కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఒక్కసారి ఎక్కిస్తే చాలామందికి జబ్బు నయమవుతోంది.