సిగ్నల్ పోయినా ఫోన్‌కి దారి తెలుసు

కొండల్లోకో అడవిలోకో కాస్త దూరం నడిచేసరికి ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే మాయమవుతాయి. ఇక దీనితో ఫొటోలు తీసుకోవడం తప్ప పనేం లేదనుకుని చాలామంది జేబులో పడేస్తారు. పాపం, ఆ ఫోన్‌కి తానెక్కడుందో అప్పటికీ తెలుసు.

ఎందుకంటే జీపీఎస్ పనిచేయడానికి సెల్ టవర్ అక్కర్లేదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు తమ టైమూ తమ చోటూ ఎడతెగకుండా ప్రసారం చేస్తుంటాయి, మన ఫోన్ రేడియోలాగా వింటుందంతే, వాటికి తిరిగి ఏమీ పంపదు. ఆ సంకేతం చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కేస్తుంది. మూడు దూరాలు తెలిస్తే చోటు తెలిసిపోవాలి కదా, మరి కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలంటారేం? ఫోన్ గడియారం వాటిలోని అణు గడియారాలంత కచ్చితం కాదు, ఒక్క మైక్రోసెకను తేడా వచ్చినా దూరం 300 మీటర్లు తప్పుతుంది, నాలుగోది ఉంటే ఆ తేడా ఎంతో కూడా లెక్కలో తేలిపోతుంది. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ కూడా సుమారు 5 మీటర్ల తేడాతో మన చోటు చెప్పగలదు.

అయితే ఓపిక కావాలి. ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఊళ్లో ఉన్నప్పుడు ఫోన్‌కి ఇంటర్నెట్ ద్వారా చటుక్కున తెలిసిపోతుంది. నెట్ లేకపోతే ఆ వివరం ఉపగ్రహం నుంచే రావాలి, అదేమో సెకనుకు 50 బిట్ల వేగంతో వస్తుంది! ఒక ఉపగ్రహం తన కక్ష్య వివరాలు చెప్పడానికే దాదాపు అర నిమిషం, మధ్యలో చెట్టో కొండో అడ్డొస్తే మళ్లీ మొదటికి. నేను మొదటిసారి ఫోన్ పాడైందనుకుని రెండుసార్లు రీస్టార్ట్ చేశాను, దాంతో ఇంకా ఆలస్యమైంది. చెట్లు లేని చోట కొన్ని నిమిషాలు కదలకుండా నిలబడితే సరిపోయేది.

చోటు తెలిసినా మ్యాప్ లేకపోతే ఖాళీ తెర మీద నీలి చుక్క ఒక్కటే కనిపిస్తుంది. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌అండ్ లాంటి యాప్‌లలో మ్యాప్ ముందే దించుకోవచ్చు. వీటికి ఆధారం 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, దాన్ని జనమే తలో చెయ్యీ వేసి గీస్తారు కాబట్టి కాలిబాటలు కొన్నిచోట్ల అద్భుతంగా ఉంటాయి, కొన్నిచోట్ల అసలుండవు. పక్షి కూత విని పేరు చెప్పే మెర్లిన్ కూడా ఆ ప్రాంతం పక్షుల ప్యాక్ ముందే దించుకుంటే నెట్ లేకుండా పనిచేస్తుంది. బయల్దేరే ముందు ఇంట్లోనే ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫై ఆపి, ఒక్కో యాప్ తెరిచి చూడండి. ఏది మొరాయిస్తుందో అక్కడే తెలిసిపోతుంది.

కొన్ని కొత్త ఫోన్లు ఆపదలో ఉపగ్రహానికి మెసేజ్ కూడా పంపుతాయి, ఐఫోన్ 14లో ఇది 2022 నవంబర్‌లో మొదలైంది. కానీ అన్ని దేశాల్లో లేదు, ఫోన్‌ని ఉపగ్రహం వైపు తిప్పి పట్టుకోవాలి, దట్టమైన చెట్ల కింద వెళ్లకపోవచ్చు. దీన్ని నమ్ముకుని కాగితం మ్యాప్ ఇంట్లో వదిలేయడం నాకైతే నచ్చదు.

అసలు టెన్షన్ బ్యాటరీతో. టవర్ దొరక్కపోతే ఫోన్ ఊరుకోదు, వెతుకుతూనే ఉంటుంది, ఏమీ వాడకుండానే ఛార్జింగ్ కరిగిపోతుంది. ఫ్లైట్ మోడ్ పెట్టేస్తే ఆ వెతుకులాట ఆగుతుంది, ఇప్పటి ఫోన్లలో చాలావాటికి జీపీఎస్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. పవర్ బ్యాంక్ మీద 10,000 ఎంఏహెచ్ అని ఉంటే అంతా వస్తుందని లెక్కేసుకోకండి. ఆ అంకె లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గరిది, బయటికి 5 వోల్టులు ఇవ్వాలి కాబట్టి 7,400కి పడిపోతుంది, మార్పిడిలో వేడిగా పోయేది అందులోంచి ఇంకా తీసేయాలి.

చలిలో ఇంకో చిక్కు. బ్యాటరీలో లిథియం అయాన్ల కదలిక మందగించి వోల్టేజీ పడిపోతుంది, 30 శాతం ఉందని చూపిస్తూనే ఫోన్ ఆరిపోవచ్చు. అలాగని గడ్డకట్టే చలిలో ఛార్జింగ్ పెట్టకండి, లోపల లిథియం లోహంలా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. రాత్రి ఫోన్‌నీ పవర్ బ్యాంక్‌నీ స్లీపింగ్ బ్యాగ్‌లో పక్కనే పెట్టుకుని పడుకోండి. ఆరిపోయిందనుకున్న ఫోన్ ఒంటి వేడికి కాస్త వెచ్చబడ్డాక, ఏమీ ఎరగనట్టు మళ్లీ ఆన్ అవుతుంది.