పడమటి గోడకు నీడ కావాలి

తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు వెంబడి వెళ్తే నిగనిగలాడే ఏసీపీ షీట్ల (అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పెట్టి చేసిన పలకల) తొడుగున్న భవనాలు వరసగా కనిపిస్తాయి. ఖర్చంతా రోడ్డు వైపు ఎలివేషన్‌కే. ఎండ మాత్రం వేరే లెక్కలో వస్తుంది. తిరుపతి ఉన్నది సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఏప్రిల్ చివరి వారంలో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి చేరి, అక్కడి నుంచి ఆగస్టు మధ్య దాకా ఉత్తరానికి ఒరిగే ఉంటాడు. కాబట్టి మే నెల మండుటెండల్లో దక్షిణపు గోడకు నేరుగా ఎండే తగలదు. దెబ్బంతా పైకప్పుకూ, తూర్పు పడమటి గోడలకూ. పడమటి గోడది మరీ కష్టం. గాలి బాగా వేడెక్కిన మూడు, నాలుగు గంటల వేళ ఏటవాలు ఎండ దాని మీద పడుతుంది. ఇటుక ఆ వేడిని పీల్చుకుని, కొన్ని గంటలు ఆగి, సరిగ్గా మనం పడుకునే సమయానికి గదిలోకి వదులుతుంది.

తొడుగు అక్కరకొచ్చేది ఇక్కడే. పలకను గోడకు అంటించకుండా ఫ్రేము మీద ఒకటి రెండు అంగుళాల ఎడంగా నిలబెట్టి, కిందా పైనా తెరిచి ఉంచాలి. ఎండకు పలక కాగుతుంది, సందులోని గాలి వేడెక్కి పైకి పోతుంది, కింది నుంచి కొత్త గాలి వస్తుంది. గోడ నీడలో ఉండిపోతుంది. నవంబరు వాన ఈడ్చి కొట్టినా నీరు పలక మీదే జారిపోతుంది, లోపలికి చేరిన కాస్త తడినీ ఆ గాలే ఆరబెడుతుంది. సిమెంటుతో అతికించిన రాతి పలకకు ఈ లాభం లేదు.

అయితే ఆ సందు పొగగొట్టం కూడా అవుతుంది. ఏసీపీ షీటును కోసిన చోట అంచు చూడండి. రెండు వైపులా అర మిల్లీమీటరు మించని అల్యూమినియం రేకు, మధ్యలో దాదాపు మూడు మిల్లీమీటర్ల ప్లాస్టిక్. అది మామూలు పాలిథిలీన్ అయితే కిలోకు ఇంచుమించు కిరోసిన్ అంత వేడితో మండుతుంది. లండన్‌లోని 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017 జూన్ 14న నాలుగో అంతస్తు వంటగదిలో పుట్టిన మంట ఇలాంటి తొడుగును పట్టుకుని అరగంటలోపే పైకప్పుకు పాకింది. 72 మంది చనిపోయారు. ఆ తొడుగు వేసింది భవనానికి మెరుగులు దిద్దుతున్నామనుకునే. అందుకే ఎడం వదిలేటప్పుడు మండని పలకే వాడాలి. ప్రతి అంతస్తు దగ్గరా మామూలుగా గాలిని వదులుతూ, మంట తగిలితే ఉబ్బి సందును మూసేసే పట్టీలు ఉండాలి. ఈ రెండింటి విషయంలో రాజీ పడకూడదని నా గట్టి అభిప్రాయం.

పర్యావరణం లెక్కా చూడాలి. ముడి ఖనిజం నుంచి కిలో అల్యూమినియం తీయడానికి సుమారు 14 యూనిట్ల కరెంటు పడుతుంది. పాత లోహాన్ని కరిగించి వాడితే అందులో ఇరవయ్యో వంతు శక్తి చాలు. కానీ ప్లాస్టిక్‌కు అతుక్కున్న పల్చటి రేకును విడదీయడం కష్టం. మట్టి పలకల్ని కాల్చడానికి వెయ్యి డిగ్రీల వేడి కావాలి, అదీ ఇంధనమే. కాకపోతే ఆ పలక మండదు, దానికి రంగు వేయనక్కర్లేదు. పలమనేరు టెర్రకోటతో పేరు తెచ్చుకున్న ఈ ప్రాంతంలో మట్టి తొడుగు ఇంత అరుదుగా కనిపించడం నాకు బాధగా ఉంటుంది.

చిత్తూరు గ్రానైట్ సంగతి సరేసరి. పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర మిగిలే ముక్కల్ని చిన్న పలకలుగా కోసి స్టీలు క్లాంపులతో బిగిస్తే చాలు, ఎప్పుడైనా విప్పి మరో గోడకు వాడుకోవచ్చు. నల్లవి ఎండను ఎక్కువ పీలుస్తాయి కాబట్టి లేత రంగువి ఎంచుకోవాలి. బరువు మాత్రం మరవకూడదు. 20 మిల్లీమీటర్ల రాయి చదరపు అడుగుకు ఐదు కిలోలు తూగుతుంది, ఏసీపీ అయితే అరకిలోనే. గోడ, బోల్టులు ఆ భారాన్ని మోయగలవో లేదో ఇంజినీరు చూసి చెప్పాలి. చేతిలో డబ్బు ఒక్క గోడకే సరిపోతే, రోడ్డు ఏ వైపున్నా సరే, ముందు పడమటి గోడకే వేయించండి.