బుజ్జికీ చిన్నోడికీ, గినీ పిగ్గుల గురించి

బుజ్జీ, చిన్నోడూ,

అమ్మమ్మ ఆశీస్సులు. మీ ఇంటికి గినీ పిగ్గులు వచ్చాయని అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఒకటి కాకుండా రెండు తెచ్చినందుకు సంతోషం. పేరుకి పిగ్గులే గానీ అవి ఎలుకల జాతి చిన్న జీవాలు. గుంపుగా బతుకుతాయి, ఒంటరిగా ఉంచితే బెంగపెట్టుకుంటాయి. అయితే రెండూ ఆడవో, రెండూ మగవో పశువుల డాక్టరుకి చూపించి తెలుసుకోండి. ఆడా మగా జతైతే రెండు నెలలు దాటేసరికి పిల్లలు పుట్టేస్తాయి.

వాటికి గడ్డే అన్నం, మిగతావన్నీ నంజుకోడానికే. వాటి పళ్లు బతికున్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. రోజంతా పీచు గడ్డి నమిలితేనే అరుగుతాయి, పేగులూ ఆ పీచుతోనే కదులుతాయి. మనకేం లోటు? వినాయక చవితికి కోసుకొచ్చే గరికే వాటికి మంచి మేత. కాలువ గట్టున కోసి, కడిగి, నీడలో ఆరబెట్టండి. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక గట్లు ఎండిపోతాయి, కాబట్టి ముందే ఎండబెట్టి దాచుకోండి. పురుగుమందు కొట్టిన చేల గట్ల మీద మాత్రం పరక కూడా కోయొద్దు. వరిగడ్డిలో సత్తువ ఉండదు. బూజు లేకపోతే కింద పరుపుగా వేయండి, మేతగా లెక్కపెట్టకండి.

ఇక అసలు సంగతి. మీ అమ్మ హైస్కూల్లో ఉన్నప్పుడు మనింట్లో ఒక గినీ పిగ్ ఉండేది. అమ్మినతను కుందేలు మేత పొట్లం ఇచ్చి ఇదొక్కటే చాలన్నాడు, మేమూ నమ్మాం. కొన్ని వారాలకు బొచ్చు గరుకెక్కింది, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ నడిచేది. ఎత్తుకోబోతే కీచుమని అరిచేది. మచ్చిక తప్పిందేమో అనుకున్నాను. నొప్పితో అరుస్తోందని నాకు తట్టలేదు. డాక్టరు చూసి, విటమిన్ సి లేక కీళ్లలో రక్తం చెమ్మగిల్లుతోందన్నారు. కుందేలు ఒంట్లో ఆ విటమిన్ తయారవుతుంది, అందుకే దాని మేతలో కలపరు. గినీ పిగ్గుకి మనలాగే తయారుకాదు, రోజూ తిండిలోనే అందాలి.

ఆ సాయంత్రం చిన్న దోర జామకాయ ముక్క అరచేతిలో పెట్టుకుని దాని ముందు కూర్చున్నాను. చాలాసేపు వాసన చూసింది. తర్వాత పైపెదవి వణికిస్తూ ఓ మూల కొరికింది. నాకు ప్రాణం లేచొచ్చింది. డాక్టరిచ్చిన చుక్కలతో, జామముక్కలతో వారం తిరిగేసరికి మళ్లీ నడిచింది.

పెద్ద గినీ పిగ్గుకి రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలి. 100 గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. అయినా పండులో తీపి ఎక్కువ, వారానికి రెండు మూడుసార్లు వేలెడంత ముక్క చాలు. రోజువారీకి క్యాప్సికం ముక్క, గుప్పెడు కొత్తిమీర మంచివి. పాలకూర, తోటకూర ఎక్కువైతే మూత్రంలో రాళ్లు వస్తాయి, ఎప్పుడో ఒకసారి పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప, వండిన అన్నం అసలు వద్దు. విటమిన్ చుక్కలు తాగే నీళ్లలో కలపకండి, వెలుతురుకి పాడైపోతాయి.

గూడు రెండింటికీ కలిపి కనీసం నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉండాలి. ఎత్తు కంటే నేల ముఖ్యం, అవి పరిగెత్తేది నేల మీదే. అడుగున ఇనుప తీగ వల వేస్తే పాదాలు పుండ్లు పడతాయి. దాక్కోడానికి రెండు దారులున్న అట్టపెట్టె పెట్టండి. పిల్లులు, ముంగిసలు, పందికొక్కులు తిరుగుతాయి కాబట్టి అరుగు మీద వదలొద్దు.

నాకు టెన్షన్ అంతా ఎండలతోనే. వాటికి 18 నుంచి 24 డిగ్రీలు హాయి. మన డెల్టాలో రోహిణి కార్తె ఎలా ఉంటుందో మీకు తెలుసు! రేకుల కింద అస్సలు ఉంచకండి. తడి గోనెలు కడితే ఉక్కపోత ఇంకా పెరుగుతుంది. ఇంట్లో చల్లటి గదిలో, నేల మీదే ఉంచి, గడ్డకట్టిన నీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టండి, వచ్చి ఆనుకుంటాయి. చొంగ కారుస్తూ వగరుస్తుంటే చెవులకూ పాదాలకూ చల్లని నీళ్లు అద్ది వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. ఐసు నీళ్లు మాత్రం వద్దు. పూటంతా ఏమీ తినకపోయినా అంతే, రేపు చూద్దామనుకోకండి.

ప్రతి ఆదివారం వంటింటి త్రాసులో తూచి రాసిపెట్టండి. జబ్బు పైకి కనిపించేలోపే బరువు తగ్గుతుంది. ఈ ఆదివారం రెండింటి బరువూ నాకు ఫోన్ చేసి చెప్పండి.

మీ
అమ్మమ్మ