బొమ్మ కదిలితే బ్రౌజరుకు భయమెందుకు?

సొంత వెబ్‌సైటులో ఒక కదిలే బొమ్మను బ్రౌజరు మారుమాటాడకుండా చూపించి, అలాంటిదే మరొకటి పెట్టగానే భద్రతా హెచ్చరిక ఎందుకిస్తుందని ఒక పాఠకుడు అడిగారు.

బ్రౌజరు చూసేది ఆ కదలికను ఎవరు నడిపిస్తున్నారన్నదే. 1989 నాటి జిఫ్ రూపంలో బొమ్మల వరుసతో పాటు ఒక్కొక్కటి ఎన్ని సెంటీసెకన్లు (సెకనులో నూరో వంతులు) నిలవాలో తెలిపే అంకె ఉంటుంది. దాన్ని చదివి బొమ్మ మార్చేది బ్రౌజరే. ఒకప్పటి కదిలే బొమ్మల రూపమైన ఫ్లాష్ ఫైలులోనైతే ఆదేశాలు కూడా ఉండవచ్చు, వాటిని ప్లగిన్, అంటే బ్రౌజరుకు తగిలించిన అదనపు ప్రోగ్రాము, అమలు చేసేది. ఆదేశాలంటే ఉన్న ఈ భయం వల్లనే 2004లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాక్ నుంచి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, మన డిస్కులోని పేజీ తెరిచినా స్క్రిప్టును, అంటే పేజీలో రాసిన ఆదేశాలను, ఆపి అనుమతి అడగసాగింది. అంతకుముందు డిస్కులోని పేజీలకు ఇంటర్నెట్ పేజీలకన్నా ఎక్కువ చనువుండేది, దాడి చేసేవారు దాన్నే వాడుకున్నారు. కంప్యూటరు పాఠాలలో ఈ కారణం చెప్పకుండా 'అనుమతించు' నొక్కడం మాత్రమే నేర్పడం నాకు నచ్చదు.

కదిలే బొమ్మలన్నీ వైరస్ మోస్తాయన్నది మూఢనమ్మకమే అయినా, ఆదేశాలు లేని ఫైలు నిరపాయమనుకోవడమూ పొరపాటే. విండోస్‌లోని కదిలే కర్సరు ఫైలు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ప్రతి ముక్కకూ ముందు పేరు, తరువాత పొడవు, ఆపైన సమాచారం. శీర్షిక ముక్క పొడవు 36 బైట్లు ఉండాలి. విండోస్ స్టాక్‌లో, అంటే నడుస్తున్న పనికి తాత్కాలికంగా వాడే మెమరీలో, 36 బైట్ల చోటే కేటాయించి, ఫైలు చెప్పుకున్నంత పొడవునూ అందులోకి నకలు చేసేది. పొడవు అబద్ధమైతే అదనపు బైట్లు పక్క జాగాలోకి పొంగి, ఫంక్షను (ప్రోగ్రాములో ఒక పని చేసే భాగం) పని ముగించి తిరిగి వెళ్లవలసిన చిరునామాను చెరిపి, దాడి చేసినవాడు రాసిన చిరునామాను అక్కడ ఉంచుతాయి. ప్రాసెసరు అటే వెళ్లి, అంతవరకూ సమాచారంగా ఉన్న బైట్లను ఆదేశాలుగా అమలు చేస్తుంది. 2005 జనవరిలో మైక్రోసాఫ్ట్ దీన్ని సరిచేసింది గాని, మొదటి శీర్షిక పొడవును మాత్రమే పరీక్షించింది. సరైన శీర్షిక తరువాత రెండవ దొంగ శీర్షిక పెట్టిన ఫైలు సాఫీగా లోపలికి వెళ్లింది. ఆ రెండవ రంధ్రం 2007 ఏప్రిల్‌లో మూతపడింది. పేజీలో స్టైలు (రూపురేఖలు చెప్పే భాగం) ద్వారా ఇలాంటి కర్సరును పిలిస్తే చాలు, సమాచారమే కదా అని బ్రౌజరు హెచ్చరించేది కాదు.

2020 చివరితో ఫ్లాష్‌కు మద్దతు ముగిసినా సమాచారం వేరు, ఆదేశాలు వేరు అన్న ఆ విభజన మాత్రం పోలేదు. గుప్తీకరించి పంపే హెచ్‌టీటీపీఎస్ పేజీ, గుప్తీకరణ లేని హెచ్‌టీటీపీ చిరునామా నుంచి స్క్రిప్టును పిలిస్తే నేటి బ్రౌజర్లు నేరుగా అడ్డుకుంటాయి. జిఫ్ బొమ్మను పిలిస్తే, ముందుగా హెచ్‌టీటీపీఎస్ ద్వారా తెచ్చేందుకు వాటిలో కొన్ని ప్రయత్నిస్తాయి.